సావుకారి ఖాతా నుంచి కార్డు దాకా: రాయచూరు నేత ఇళ్ళ బిల్లుల కథ

మన ఇళ్ళల్లో దేవుడి గూటి పక్కనో, మగ్గం గది అటక మీదనో ఒక రేకుపెట్టె ఉంటుంది. ఇంటి పత్రాలు, సొసైటీ పాసుబుక్కు, దారం కట్టిన కరెంటు బిల్లుల కట్ట, అడుగున ఎక్కడో తాత దాచిన చార్‌మినార్ బొమ్మ నాణెం. ఈ పదేళ్ళలో దాంట్లోకి రెండు మూడు ప్లాస్టిక్ కార్డులు కూడా చేరినై. వార్షికోత్సవ సంచికకి ఏం రాద్దామని మేము కూర్చున్నప్పుడు అందరమూ ముందు అనుకున్నది మార్కండేయ మహర్షి, దేవల మహర్షి కథలే. అవి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. ఈసారి ఆ రేకుపెట్టె విప్పుదాం అనుకున్నాం. పద్మశాలి, దేవాంగ, కుర్నిసెట్టి, తొగట, స్వకుళసాలి ఎవరింట్లో చూసినా పెట్టె లోపలి కథ ఒకటే గదా.

ఆ కథ ఏమిటంటే, మగ్గానికి నెల అనేది లేదు. పడుగు ఎక్కించిన నాటి నుంచి చివరి చీర కోసేదాకా అదొక లెక్క. చీర కోసి, మడత పెట్టి, అప్పజెప్పినాకే మజూరి చేతికొస్తుంది. మధ్యలో ముసురు పట్టిందా, గుంటలో చెమ్మ ఊరిందా, నూలు రాలేదా, ఇంట్లో చావో పుట్టుకో జరిగిందా, చీర ఆగుతుంది, దాంతో మజూరీ ఆగుతుంది. బిల్లు మాత్రం ఆగదు. దానికి తారీఖు ఉంటుంది. చీర దినానికీ బిల్లు తారీఖుకీ మధ్యన ఉన్న ఆ నాలుగు రోజులో, నాలుగు వారాలో ఎవరు భరించారు, దానికి మన దగ్గర ఏం తీసుకున్నారు అన్నదే మన ఇంటి డబ్బు చరిత్ర. ఇవాళ కార్డుతో గ్యాసు బిల్లో, ఫోను బిల్లో కట్టడం కొత్త సంగతిలాగ కనపడుతుంది గానీ, అడిగే ప్రశ్న పాతదే: "నూటికి ఎంతన్నా?"

ముందు మన మాటలు చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. కరెంటు బిల్లు కన్నడంలో వస్తుంది. కార్డు మీద ఇంగ్లీషు. ఇక లెక్క దగ్గరికొచ్చేసరికి ఖాతా, బాకీ, జమ, ఖర్చు, వసూలు, రసీదు, కిస్తీ, మజూరి. ఇవన్నీ పారసీ, ఉర్దూ దారిన మన నోటికొచ్చినవే. రాయచూరు నిజాం రాజ్యంలో ఉన్న కాలం మనల్ని వదిలిపోయి డెబ్భై ఏళ్ళు దాటినా, అప్పు మాత్రం ఇంకా ఆ మాటల్లోనే మాట్లాడుతుంది.

కృష్ణ, తుంగభద్ర మధ్య ఉన్న ఈ సీమ 1853లో కొన్నాళ్ళు ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయి 1860లో మళ్ళీ నిజాంకి తిరిగొచ్చింది. అప్పటి నుంచి 1948 దాకా మనవాళ్ళ చేతుల్లో నడిచింది నిజాం రూపాయి, హాలీ సిక్కా. తుంగభద్ర దాటి ఆదోని వైపో, ఎమ్మిగనూరు వైపో అడుగుపెడితే అది మద్రాసు రాజధాని, అక్కడ నడిచేది ఇంగ్లీషు రూపాయి. దాన్ని మనవాళ్ళు కల్దారు అనేవాళ్ళు. లెక్క సుమారుగా 7 హాలీలకి 6 కల్దార్లు. అంటే ఇక్కడ 70 రూపాయలు సంపాదించినవాడు నది దాటితే 60 రూపాయల మనిషి. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి రాయచూరులోనే కలిసినై. రైలొచ్చినాక దూరపు మిల్లు నూలు రావడం సులువైంది, మన బట్ట పోవడమూ సులువైంది, దాంతో పాటే మారకం లెక్కా ఎక్కువైంది. నూలుకి కల్దారు అడిగేవాడు, బట్టకి హాలీ ఇచ్చేవాడు ఇద్దరూ ఒకే బజారులో ఉంటే మధ్యన మార్చిపెట్టేవాడు కావాలి. ఆ మార్చిపెట్టేవాడే సావుకారి. రెండు రూపాయల మధ్య తేడాలో అతని వాటా అతనికి ఉండేది. ఇవాళ కార్డు గీకితే దుకాణదారు నుంచి బ్యాంకులు తీసుకునే కమీషన్ గురించి వింటే మనకి అందుకే పెద్ద ఆశ్చర్యం అనిపించదు.

అప్పట్లో ఇంటి బిల్లు అంటే ఏముంది? కాగితం బిల్లు లేనే లేదు. జొన్నలు, కిరసనాయిలు, ఉప్పు, బెల్లం, పండక్కి బట్ట, పెళ్ళికి వెండి, అన్నీ సావుకారి ఖాతాలో రాసుకునేవే. ఆ ఖాతా అతని దగ్గరే ఉంటుంది, అతని చేతిరాతే, మనకి చదవను రాదు. నూలు ఇచ్చేవాడూ అతనే, చీర కొనేవాడూ అతనే, జొన్నలకి ఉద్దర పెట్టేవాడూ అతనే అయిన ఊళ్ళలో చేతికి రూపాయి రాకుండానే ఏడాది గడిచిపోయేది. చీర తీసుకుని ఖాతాలో జమ రాస్తాడు, జొన్నలిచ్చి ఖర్చు రాస్తాడు. దీపావళికి లెక్క చూస్తే ఎప్పుడూ మనమే బాకీ. పాత బాకీ తీరేదాకా ఇంకొకరి మగ్గం పని పట్టుకోకూడదు. కొడుకు పెళ్ళికి తెచ్చిన బాకీ మనవడి మగ్గం మీదికి దిగడం మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే.

అయితే సావుకారిని ఒట్టి దుర్మార్గుడిగా రాసి చేతులు దులుపుకోవడం మాకు న్యాయం అనిపించలేదు. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే తలుపు తట్టింది అతని ఇంటికే. హామీ అడగకుండా, కాగితం రాయించకుండా, మొహం చూసి ఇచ్చింది అతనే. ఆ మొహం చూసి ఇవ్వడానికే అతను వడ్డీ తీసుకున్నాడు, ఎక్కువే తీసుకున్నాడు. తర్వాత వచ్చిన బ్యాంకులు వడ్డీ తగ్గించినై, కానీ మొహం చూడ్డం మానేసినై.

నది అవతల ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. నూలు సంఘమే ఇవ్వాలి, బట్ట సంఘమే కొనాలి, మధ్యన ఖాతా ఉన్నా అది సంఘం ఖాతాగా ఉండాలి అన్న ఆలోచనకి మన చుట్టుపక్కల అంత పెద్ద ఉదాహరణ ఇంకొకటి లేదు. ఇటువైపు సొసైటీలు పుట్టినా అంతగా నిలదొక్కుకోలేకపోయినై. ఎందుకన్నది వేరే వ్యాసం అవుతుంది, ఆ వ్యాసం రాస్తే మనలో మనకే కొట్లాట కూడా అవుతుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950 నుంచి రెండు రూపాయలూ పక్కపక్కన నడిచినై, 1959లో హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది. ఈలోపే 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది, 1957 ఏప్రిల్‌లో నయా పైసలొచ్చినై. పదేళ్ళ లోపల రాజ్యం, రాష్ట్రం, రూపాయి, పైసా నాలుగూ మారితే పాపం మన ముసలమ్మలు ఎన్నిసార్లు లెక్క మళ్ళీ నేర్చుకున్నారో! అణాల లెక్క వేలి కణుపుల మీద పెట్టుకున్న మనుషులకి నూరు పైసల లెక్క పెద్ద పరీక్షే.

నిజాం సర్కారు 1941లో పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 1969లో పెద్ద బ్యాంకుల జాతీయకరణ, 1976లో బళ్ళారి, రాయచూరు జిల్లాల కోసం తుంగభద్ర గ్రామీణ బ్యాంకు. 1975లో కర్ణాటక చేనేత అభివృద్ధి సంస్థ. అదే కాలంలో కట్టు బానిస పని రద్దు చట్టం, పేదల అప్పులు రద్దు చేస్తూ కర్ణాటక రుణ విమోచన చట్టం. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి కాలం మనకి లేదు. ఊళ్ళో ఏమైందంటే, పాత బాకీ అడగడానికి భయపడ్డ సావుకారి కొత్త ఉద్దర కూడా ఆపేశాడు. బ్యాంకువాళ్ళు మగ్గానికి లోను ఇస్తామన్నారు గానీ మగ్గం ఆగినప్పుడు జొన్నలకి ఇస్తామనలేదు. ఆ సందులోకి వచ్చింది చీటీ. పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు కలిసి వేసుకున్న చీటీపాట. అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది, కార్డు ఉన్న ఇళ్ళలో కూడా.

నిజమైన కాగితం బిల్లు మన గడప దాటింది కరెంటుతోనే. చేతిమగ్గానికి కరెంటు అక్కర్లేదు, నిజమే. కళ్ళకి కావాలి. పండగ ముందు రాత్రిళ్ళు లాంతరు వెలుతురులో పేక కొట్టి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మన ప్రతి ఇంట్లో ఉన్నారు. 1970ల చివర్లో భాగ్యజ్యోతి పేరుతో పేదిళ్ళకి ఒక్క బల్బు వచ్చింది. 1985లో మన జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. రాష్ట్రానికంతా వెలుగిచ్చే కేంద్రం మన జిల్లాలో, కరెంటు కోతలు కూడా మన జిల్లాలో. ఇది చెప్పుకుని నవ్వుకోవడం మనకి అలవాటైపోయింది.

బల్బుతో పాటే తారీఖు వచ్చింది. కట్టకపోతే తీగ తీసేస్తారు. మొహం చూసి నాలుగు రోజులు ఆగే మనిషి కౌంటరు లోపల ఉండడు. పైగా కట్టడానికి ఒక పూట పోతుంది. తాలూకా ఊరికి బస్సు, వరుసలో నిలబడటం, చిల్లర లేదంటే మళ్ళీ వెనక్కి. ఒక పూట మగ్గం ఆగితే పోయే మజూరి, ఒక్కోసారి బిల్లు కంటే ఎక్కువ. బిల్లు 60 రూపాయలు, దాన్ని కట్టడానికి 100 రూపాయల పని పోయింది అన్న లెక్క మన ఆడవాళ్ళే ముందు వేశారు. ఇంటి నుంచే కట్టే దారి ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే కారణం వద్దు.

ఇక కార్డు. దాని పుట్టుక మనకి చాలా దూరం. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది, హోటల్లో తిని తర్వాత కట్టేవాళ్ళ కోసం. 1958లో అమెరికాలోనే ఫ్రెస్నో అనే ఊళ్ళో ఒక బ్యాంకు 60,000 ఇళ్ళకి అడగకుండానే టపాలో కార్డులు పంపింది. ఫ్రెస్నో పంటలు పండే సీమ, మన సింధనూరు లాంటిది అనుకోవచ్చు. చాలామంది వాడారు, చాలామంది కట్టలేకపోయారు. ఆ ఫ్రెస్నో కార్డే తర్వాత వీసా అయ్యింది. మన దేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డులు తెచ్చినై. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది. కార్డుల విషయంలో దేశంలోనే ముందు నడిచిన వాటిలో ఒకటి మన తెలుగువాళ్ళ బ్యాంకు కావడం చెప్పుకోదగ్గ సంగతే. అయితే ఆ కార్డు నెల జీతం వచ్చేవాళ్ళ కోసం. జీతం చీటీ చూపించమంటే మనం ఏం చూపిస్తాం, చీరా?

మన పేరు మీద మొదట వచ్చింది 2011-12 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వీవర్స్ క్రెడిట్ కార్డు. 2 లక్షల దాకా హద్దు, వడ్డీలో సర్కారు సాయం. తర్వాత అది వీవర్ ముద్రా పథకంగా మారింది, ఏడాదికి నూటికి 6 రూపాయల వడ్డీకి, రూపే కార్డుతో సహా. మన భాషలో చెప్పాలంటే నెలకి నూటికి అర్ధ రూపాయి. సావుకారి దగ్గర నూటికి మూడు కట్టినవాళ్ళకి ఇది నమ్మశక్యం కాని మాట. కానీ ఇక్కడే మనం ఒక దెబ్బ తిన్నాం. ఆ కార్డు ఇచ్చింది మగ్గం పెట్టుబడికి, నూలు రంగు కొనుక్కోవడానికి. మన పక్కనే పొలం చేసే రైతుల కిసాన్ క్రెడిట్ కార్డులో, 2012లో సవరించిన నియమాల ప్రకారం, నూటికి పది వంతు ఇంటి ఖర్చులకని ముందే లెక్కలో పెట్టారు. పంట చేతికొచ్చేదాకా రైతు కూడా తినాలి గదా అని ఒప్పుకున్నారు. చీర చేతికొచ్చేదాకా నేతగాడు కూడా తినాలి. మన కార్డుకి ఆ లెక్క కట్టలేదు.

దాంతో ఏమైంది? నూలు కోసం తీసిన పైసలు బడి ఫీజుకి పోయినై, ఆసుపత్రికి పోయినై, బాకీపడ్డ కరెంటు బిల్లుకి పోయినై. పడుగుకి డబ్బు లేక మళ్ళీ మాస్టర్ వీవరు దగ్గర అడ్వాన్సు. ఇటు బ్యాంకు కంతు, అటు మాస్టర్ బాకీ. ఏడాదికోసారి కార్డు పునరుద్ధరణకి వెళ్ళేసరికి ఖాతా మొండి బాకీ అయిపోయి, ఇక ఏ బ్యాంకూ కన్నెత్తి చూడని ఇళ్ళు మాకు తెలుసు. వాళ్ళ మీద నింద వేయడం సులువు. ఆకలికీ, ఫీజుకీ, నూలుకీ వేరువేరు గల్లాపెట్టెలు ఉన్న నేత ఇల్లు ఏదీ లేదు. మగ్గం ఇంట్లోనే ఉంటుంది, ఇల్లు మగ్గం చుట్టూనే ఉంటుంది.

డెబిట్ కార్డు కథ వేరు, దాన్ని మేము కొంచెం ప్రేమగానే రాస్తాం. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలైనప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తమ పేరున మొదటి ఖాతా వచ్చింది. అప్పటిదాకా ఆసు పోసేది ఆమె, కండెలు చుట్టేది ఆమె, మజూరి రాసేది ఆయన పేరున. ఖాతాతో పాటు రూపే కార్డు, దాంతో ప్రమాద బీమా. నూలు రాసి రాసి వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళకి వేలిముద్ర యంత్రం ఎన్నిసార్లు పెట్టినా పలకదు. అలాంటివాళ్ళకి నాలుగు అంకెల పిన్ను పనిచేసింది. పిన్ను ఎవరికీ చెప్పకూడదని చెబితే "మా ఇంటాయనకి కూడానా?" అని అడిగిన ఆడవాళ్ళున్నారు. అవును, ఆయనకి కూడా.

ఆ బీమా గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మన కుటుంబాలు నష్టపోయినై. 2018 ఆగస్టు 28కి ముందు తెరిచిన జన్‌ధన్ ఖాతాలకి 1 లక్ష, ఆ తర్వాత తెరిచినవాటికి 2 లక్షలు. కానీ ప్రమాదం జరిగిన రోజుకి ముందు 90 రోజుల లోపల ఆ కార్డుని కనీసం ఒక్కసారైనా వాడి ఉండాలి. మొదట్లో ఇది 45 రోజులే ఉండేది. రేకుపెట్టెలో భద్రంగా దాచిన కార్డు భద్రంగానే ఉంది, బీమా మాత్రం రాలేదు. మా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన ఒక ఇంటివాళ్ళకి ఈ నియమం మేమే చదివి చెప్పాల్సి వచ్చింది. కార్డు ఇచ్చిన రోజు ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ఇప్పుడు అందరూ ఫోనుతోనే కడుతున్నారు, మంచిదే. మూడు నెలలకోసారైనా ఒక చిన్న బిల్లు ఆ కార్డుతోనే కట్టండి, లేదా ఏటీఎంలో వంద రూపాయలైనా తీయండి.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు బిల్లు చరిత్రలో ఒక విచిత్రం జరిగింది. బజారులో చెల్లని నోటు కరెంటు, నీళ్ళ బిల్లుల కౌంటరులో చెల్లింది. నవంబరు 24 దాకా రెండూ, తర్వాత 500 నోటు ఒక్కటే డిసెంబరు 15 దాకా. ఎన్నాళ్ళుగానో ఉన్న బాకీ బిల్లులు ఆ నెలలో తీరిపోయినై. మజూరి పాత నోట్లలో ఇచ్చి "పోయి బిల్లు కట్టుకో" అన్న మాటలూ విన్నాం. బిల్లు తీరింది, బియ్యానికి లేవు. ఏటీఎంలో రోజుకి 2,000, తర్వాత 2,500, అదీ యంత్రంలో డబ్బుంటే. చేతిలో రూపే కార్డు ఉన్నా గీకే యంత్రం ఉన్న దుకాణం ఆ రోజుల్లో తాలూకా ఊళ్ళలో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, ఆగస్టులో భారత్ బిల్ పేమెంట్ పద్ధతి ప్రయోగంగా మొదలైంది. ఏ బిల్లయినా ఏ బ్యాంకు నుంచయినా, లేదా పక్క వీధి ఏజెంటు దగ్గరయినా కట్టొచ్చు, రసీదు వెంటనే వస్తుంది. జెస్కాం కౌంటరుకి పోయే పూట మిగిలింది. ఫోనులో యూపీఐ పిన్ను పెట్టుకోవడానికి మొదట్లో డెబిట్ కార్డు అంకెలే అడిగేది. అట్లా రేకుపెట్టెలో కార్డు ఒక్కసారి బయటికొచ్చి, ఫోనుకి తాళంచెవి ఇచ్చి, మళ్ళీ పెట్టెలోకి పోయింది. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో నేకార సమ్మాన్ పేరుతో రాష్ట్ర సర్కారు ఇచ్చిన 2,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడినై. తర్వాత అది 5,000 అయింది. కంతులు ఆరు నెలలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది గానీ, ఆపిన నెలల వడ్డీ ఆగలేదని చాలామందికి తర్వాత తెలిసింది.

ఇప్పుడు మన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ చేతుల్లోకి, వాళ్ళ ద్వారా మన ఇళ్ళల్లోకి క్రెడిట్ కార్డు వచ్చింది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకుని కిరాణా కొట్టు క్యూఆర్ మీద కూడా కట్టొచ్చు. దీన్ని మేము తప్పనడం లేదు. గడువు లోపల మొత్తం కట్టేస్తే కొన్నదాన్ని బట్టి నెలా నెలన్నర దాకా పైసా వడ్డీ లేదు. చీర దినానికీ బిల్లు తారీఖుకీ మధ్య ఉన్న సందుని వడ్డీ లేకుండా దాటించినవాడు మన చరిత్రలో ఇంతకు ముందు ఎవడూ లేడు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

గడువు దాటితే మాత్రం లెక్క చూడండి. గ్యాసు, ఫోను, కిరాణా, బడి ఫీజు కలిపి 6,000 అయింది అనుకుందాం. బిల్లు మీద "కనీసం కట్టాల్సింది 300" అని ఉంటుంది. 300 కట్టి ఊపిరి పీల్చుకుంటాం. మిగిలిన 5,700 మీద నెలకి నూటికి మూడున్నర చొప్పున సుమారు 200 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 36. మొత్తం 236. మనం కట్టిన 300లో నిజంగా అసలుకి పోయింది 64 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్న దాని మీద ఆ గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. నూటికి మూడున్నర! మన తాతలు సావుకారిని తిట్టుకున్నది నూటికి మూడుకే. వీవర్ ముద్రా వడ్డీకి ఇది ఏడు రెట్లు. బ్యాంకు కాగితం మీద అది "నెలకి 3.5 శాతం" అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఉంటుంది, అంతే తేడా. 2008లో దేశపు వినియోగదారుల కమిషన్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అంటే ఇప్పుడు ఆ హద్దు కూడా లేదు.

అందుకే మాలో కొందరు పెద్దలు "అసలు కార్డే వద్దు" అంటారు. ఆ మాటతో మేము పూర్తిగా కలవలేం. కార్డు వద్దనుకున్న ఇల్లు ఆ సందు దాటడానికి ఎక్కడికి పోతుంది? వారం వారం వసూలుకి వచ్చే మైక్రో ఫైనాన్సు దగ్గరికి. ఆ వసూళ్ళ బాధ ఎంతదాకా పోయిందంటే, 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర సర్కారు దాని మీద ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. కాబట్టి ఏది మంచి అని కాదు, ఏది ఎంతకి అని అడగాలి. ఇంకో సంగతి, కరెంటు, నీళ్ళు, గ్యాసు లాంటి బిల్లులు ఒక హద్దు దాటి కార్డుతో కడితే నూటికి ఒక రూపాయి అదనంగా వేసే బ్యాంకులు 2024 నుంచి వచ్చినై. మీ కార్డు నియమం ఏదో అడిగి తెలుసుకోండి. కార్డు, ఓటీపీ వివరాలు ఎవరికైనా చెప్పి డబ్బు పోతే మనం బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మన నష్టమే. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోతే మూడు పని దినాల్లో చెబితే మన మీద భారం ఉండదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. 1930 నంబరు పిల్లల ఫోనుల్లో కాదు, గోడ మీద రాసి పెట్టండి.

2023 ఆగస్టులో కలబురగిలో గృహజ్యోతి మొదలైన నాటి నుంచి మన ఇళ్ళల్లో చాలావాటికి కరెంటు బిల్లు సున్నా. నలభై ఏళ్ళుగా మనల్ని పరిగెత్తించిన తారీఖు ఒకటి తగ్గింది. ఇంటి మీటరుకే ఆ సాయం, మరమగ్గం మీటరుకి కాదు, ఆ గొడవ మీకు తెలిసిందే. అదే నెల చివర మొదలైన గృహలక్ష్మి 2,000 ఇంటి యజమానురాలి ఖాతాలోనే పడుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఇప్పుడు ఫోను, గ్యాసు బిల్లులు ఆమె కార్డు నుంచే పోతున్నై. మజూరి ఇంకా ఆయన పేరునే రాస్తున్నారు.

పెట్టె మూసే ముందు ఒక కాగితం మిగిలింది. 2022లో రిజర్వు బ్యాంకు కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో, అడగకుండా కార్డు ఇవ్వకూడదు, మూసేయమంటే బాకీ లేనప్పుడు ఏడు పని దినాల్లో మూయాలి అన్నవాటితో పాటు ఇంకొక చిన్న నియమం ఉంది. కార్డు బిల్లు ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా లెక్కకట్టాలో మార్చుకునే హక్కు కార్డుదారుకి ఒకసారి ఇవ్వాలి. 2024 మార్చిలో దాన్ని "కనీసం ఒకసారి" అని మార్చారు. సావుకారి దీపావళికి లెక్క అడిగాడు, కరెంటువాళ్ళు వాళ్ళ తారీఖుకి అడిగారు, మనల్ని ఎవరూ "నీ చీర ఎప్పుడు తెగుతుంది" అని అడగలేదు. ఇప్పుడు అడగరు గానీ, మనం చెబితే వినాలి. మీ ఇంట్లో పడుగు సాధారణంగా ఏ వారంలో దిగుతుందో, మజూరి ఏ రోజుల్లో చేతికొస్తుందో చూసుకుని, కార్డు ఉన్నవాళ్ళు బ్యాంకుకి ఒక అర్జీ పెట్టండి. కన్నడంలో రాసిన నమూనా సమాఖ్య ఆఫీసులో ఉంది, పేరూ కార్డు చివరి నాలుగు అంకెలూ నింపితే చాలు.